మీరు రాసిన ఫంక్షనల్ కోడ్ మీకే అర్థం కాని సందర్భాలున్నాయా?

చుక్కలరాయుడు: ఆరు నెలల కిందట నేనే రాసిన హాస్కెల్ (ఫంక్షన్లు కలుపుతూ రాసే ప్రోగ్రామింగ్ భాష) ఫైల్ ఇవాళ తెరిచాను. ఆర్గ్యుమెంట్లకు (ఫంక్షన్‌కి ఇచ్చే విలువలకు) పేర్లే లేవు, ఒకే లైన్లో ఏడు ఫంక్షన్లు చుక్కలతో కలిపేసి ఉన్నాయి. రాసిన రోజు తెగ మురిసిపోయాను. ఇప్పుడు ఒక్క ముక్క ఎక్కడం లేదు. నాకేనా?

గొట్టం గోపి: తప్పు చుక్కది కాదు బ్రో, దిక్కుది. ఆ గొలుసుని కుడి నుంచి ఎడమకి చదవాలి. ఎఫ్‌షార్ప్, ఎలిక్సిర్ భాషల్లో |> అనే పైప్ గుర్తు వాడితే డేటా ముందు, పని తర్వాత. "జాబితా తీసుకుని, సరిసంఖ్యలు ఏరి, వర్గాలు కట్టి, కూడు." తెలుగు వాక్యం నడిచే వరసే ఇది! హాస్కెల్లోనూ అదే పని చేసే & ఉంది, డేటా.ఫంక్షన్ అనే మాడ్యూల్ ఇంపోర్ట్ చేసుకుంటే చాలు. పెద్దగా ఎవరూ వాడరు, అదో విచిత్రం.

బ్రాకెట్ బాబాయ్: పైప్ వచ్చినా చిక్కులుంటాయి. నేను రాసే క్లోజర్ (లిస్ప్ కుటుంబపు భాష)లో -> అయితే విలువ మొదటి ఆర్గ్యుమెంటుగా వెళ్తుంది, ->> అయితే చివరిదిగా. రెండూ కలపాల్సి వచ్చినప్పుడల్లా తిట్టుకుంటాను. మా కోడ్ నిండా ఉండే బ్రాకెట్లంటారా, వాటి భయం మొదటి రెండు వారాలే. లిస్ప్‌కి అసలు ఎం-ఎక్స్‌ప్రెషన్లని వేరే సింటాక్స్ (రాసే పద్ధతి) తేవాలనుకున్నాడు దాన్ని సృష్టించిన మెకార్తీ. ఈలోపు జనం బ్రాకెట్లకే అలవాటుపడిపోయారు. నేను చూసేది ఇండెంటేషనే (లైన్ల ముందు వదిలే ఖాళీలే), బ్రాకెట్ల లెక్క ఎడిటర్ చూసుకుంటుంది.

ఒంటెవాలా: ఇండెంటేషన్‌ని నమ్మే నేను మునిగాను బాబాయ్. ఓకామెల్ భాషలో మ్యాచ్ (విలువని బట్టి కేసులుగా విడదీసేది) లోపల మ్యాచ్ రాసి, లోపలిదానికి బ్రాకెట్లు పెట్టలేదు. బయటి కేసుల్ని కూడా లోపలిదే మింగేసింది. కంటికి వరసలన్నీ చక్కగానే ఉన్నాయి, కంపైలర్ మాత్రం ఖాళీల్ని లెక్కచేయదు. ఎర్రరేమో టైపు కలవలేదని, అదీ వేరే లైన్లో! గంటన్నర పోయింది.

బ్రాకెట్ బాబాయ్: మా దగ్గర ఆ బాధ లేదు 🙂

గొట్టం గోపి: హాస్కెల్ లేఅవుట్‌ని, అంటే ఆ ఖాళీల్ని, లెక్కచేస్తుంది కాబట్టి అక్కడా ఉండదు. కాకపోతే ఫంక్షన్ పక్కన -1 రాసి చూడండి, తీసివేత అనుకుంటుంది.

చుక్కలరాయుడు: గోపీ, & పెట్టి తిరగరాశాను. ఒక్కో మెట్టుకి ఒక లైన్, కష్టమైన రెండింటికి వేర్ (where, విడిగా పేర్లిచ్చే చోటు) కింద పేర్లు. పేరు పెట్టబోతే తెలిసింది, మూడో మెట్టు జాబితాని తిప్పుతోంది, ఆరోది మళ్లీ వెనక్కి తిప్పుతోంది. మధ్యలో వరసతో పనే లేదు. ఆ రెండూ తీసేశాను, ఇప్పుడు ఐదే మెట్లు.