1799లో కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) మైసూరు మీదికి ఎందుకొచ్చింది? ఫ్రెంచి భయమా, వట్టి సాకా?

జయనగర్ మేష్టారు:
ముందే చెబుతున్నాను, ఇది టిప్పు మంచివాడా చెడ్డవాడా అనే చర్చ కాదు. ఆ గొడవ మన బెంగళూరులో నవంబరు వస్తే, టిప్పు జయంతి పేరుతో, ఎలాగూ మొదలవుతుంది. నేను అడిగేది అవతలి పక్షం గురించి. గవర్నర్ జనరల్ మార్నింగ్టన్, అంటే తర్వాత వెల్లెస్లీగా పేరుపడ్డవాడు, ఆ యుద్ధానికి ఎందుకు దిగాడు?

పాఠ్యపుస్తకం జవాబు అందరికీ తెలుసు. టిప్పు మారిషస్‌కు రాయబారుల్ని పంపాడు. ఇంగ్లీషువాళ్లను వెళ్లగొట్టడానికి ఆయన మన సాయం అడుగుతున్నాడు, ఇష్టమున్నవాళ్లు బయల్దేరండి అని అక్కడి ఫ్రెంచి గవర్నరు మలార్టిక్ 1798 జనవరిలో బాహాటంగా ప్రకటించాడు. దాంతో కుంఫిణీ బెదిరింది, యుద్ధమొచ్చింది, 1799 మే 4న టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పడిపోయింది.

తేదీలు చూస్తే నాకీ కథ నమ్మబుద్ధి కావడం లేదు. మార్నింగ్టన్ కలకత్తాలో దిగింది 1798 మేలో. ఆ ప్రకటన పత్రికలో చూసింది జూన్‌లో. జూన్ 20కల్లా సైన్యాన్ని కూడగట్టమని మద్రాసుకు ఉత్తరువు వెళ్లిపోయింది. నెపోలియన్ ఈజిప్టులో కాలుపెట్టిందేమో జులై 1న! ఇంతకీ మారిషస్ నుంచి వచ్చి మంగళూరులో దిగిన వాలంటీర్లు ఎంతమంది? వందమంది కూడా లేరు. ఇంత సైన్యం అక్కర్లేదనీ, ఇప్పట్లో సిద్ధం కాదనీ మద్రాసు ప్రభుత్వ కార్యదర్శి వెబ్ మొత్తుకున్నాడు. అతని మాట చెల్లలేదు.

వైట్‌ఫీల్డ్ కుర్రాడు:
మేష్టారూ, మీరు ఇవాళ తెలిసిన లెక్కలతో అప్పటివాళ్లను తూస్తున్నారు. వచ్చింది వందమందా, వాళ్ల వెనక ఇంకో పదివేలమంది వస్తున్నారా అని 1798 జూన్‌లో ఎవరికి తెలుసు? 1780లో పొల్లిలూరు దగ్గర కుంఫిణీ సేనాని బెయిలీ సైన్యాన్ని హైదరూ టిప్పూ తుడిచిపెట్టారు. ఆ తర్వాత రెండేళ్లకే ఫ్రెంచి నౌకాదళంతో సఫ్రెన్ ఈ తీరానికి వచ్చాడు. మద్రాసులో అవన్నీ కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. అటు హైదరాబాదులో నిజాముకు ఫ్రెంచి సేనాని రేమండ్ తయారుచేసిన పటాలాలు సుమారు 14,000 మంది. మరాఠా సర్దారు సింధియా దగ్గర ఇంకో ఫ్రెంచి సేనాని పెరాన్. ఇన్ని దర్బారుల్లో ఫ్రెంచివాళ్లుంటే ఏ గవర్నరుకైనా టెన్షన్ ఉండదా? టిప్పు నిజంగా ఇలాంటి పని చేస్తుంటే అతను దాడి చేసేదాకా ఆగక్కర్లేదని లండన్ నుంచే ఉత్తరాలు వచ్చాయి కదా.

సీమ మనిషి, మారతహళ్లి:
తమ్ముడూ, ఆ ఉత్తరాలు ఇక్కడికి చేరింది అక్టోబరులో. మార్నింగ్టన్ బయల్దేరదీసింది జూన్‌లో.

భయమే కారణమైతే భయం తగ్గేకొద్దీ ఒత్తిడి కూడా తగ్గాలి. ఇక్కడ జరిగింది చూడు. హైదరాబాదులో నువ్వు చెప్పిన పటాలాల చేత అదే అక్టోబరులో ఆయుధాలు కింద పెట్టించేశారు, యుద్ధం లేకుండానే. నైలు దగ్గర ఫ్రెంచి నౌకాదళాన్ని నెల్సన్ నాశనం చేసిన వార్త అక్టోబరు ఆఖరుకు కలకత్తా చేరింది. ఆ శుభవార్తను నవంబరు మొదట్లో మార్నింగ్టన్ స్వయంగా టిప్పుకు రాశాడు. అది రాసిన కొద్దిరోజులకే, నవంబరు 8న, ఆరోపణలతో ఇంకో ఉత్తరం! డిసెంబరు ఆఖరుకు తానే మద్రాసు వచ్చి కూర్చున్నాడు. అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించాలని ముందే అనుకున్న మన బెంగళూరు ఓనరు, రాత్రి పదకొండింటికి గేటు చప్పుడైందని ఫిర్యాదు వెతుక్కున్నట్టు లేదూ?

పైగా టిప్పు అప్పటికే సగం మనిషి. కె.ఆర్. మార్కెట్ పక్కన మిగిలిన కోట గోడకు ఇంగ్లీషువాళ్ల ఫలకం ఉంటుంది, 1791 మార్చి 21న ఈ గండిలోంచే దాడి చేశామని. బస్సుల హారన్ల మధ్య ఎవరూ తలెత్తి చూడరు. ఆ యుద్ధం ముగిసేసరికి టిప్పు సగం రాజ్యం పోగొట్టుకున్నాడు, 3 కోట్ల 30 లక్షల రూపాయలకు ఒప్పుకున్నాడు, ఇద్దరు కొడుకుల్ని బందీలుగా పంపాడు.

వైట్‌ఫీల్డ్ కుర్రాడు:
అంత పోగొట్టుకున్నవాడు కసి పెంచుకోడా అన్నా? నౌకలు పోయినా ఫ్రెంచి సైన్యం ఈజిప్టులోనే ఉంది. నెపోలియన్ కైరో నుంచి టిప్పుకు ఉత్తరం రాసిన మాట అబద్ధమా?

జయనగర్ మేష్టారు:
రాశాడు, 1799 జనవరి ఆఖర్లో. అది టిప్పుకు చేరనేలేదు, దారిలో ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. ఫిబ్రవరి 3కల్లా జనరల్ హారిస్‌కు కదలమని ఉత్తరువు వెళ్లింది. ఆ ఉత్తరం తర్వాత సమర్థించుకోవడానికి పనికొచ్చిందేమో గానీ కారణం ఎలా అవుతుంది?

పాత పుస్తకాల పురుగు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. 1784లో పిట్ తెచ్చిన ఇండియా చట్టంలో ఇక్కడ దండయాత్రలు చేసి రాజ్యం పెంచుకోవడం తమ జాతి కోరికకూ, గౌరవానికీ, విధానానికీ విరుద్ధమని స్పష్టంగా రాసుకున్నారు. 1793లో మళ్లీ అదే మాట. కాబట్టి భూమి కావాలని ఏ గవర్నరూ కాగితం మీద పెట్టలేడు. నిజంగా భయపడ్డా, భయం నటించినా ఫైలులో కనిపించేది ఆత్మరక్షణ భాషే. ఆ ఉత్తరాల్లోంచి మనసులో మాట తవ్వితీయడం అంత సులువు కాదు.

అయితే 1798 ఆగస్టు 12 నాటి మార్నింగ్టన్ మినిట్ (ఫైలులో పెట్టిన అభిప్రాయ పత్రం) ఒకటుంది. టిప్పు నుంచి ఏమేం రాబట్టాలో అందులో వరసగా చెప్పాడు. కనుమల కింద ఉన్న పడమటి తీరమంతా, యుద్ధ ఖర్చులు, శ్రీరంగపట్నంలో శాశ్వతంగా ఇంగ్లీషు రెసిడెంటు (దర్బారులో ఉండే కుంఫిణీ ప్రతినిధి), ఫ్రెంచివాళ్ల బహిష్కారం. చివరిది భయం. మొదటి మూడూ ఏమిటి?

వైట్‌ఫీల్డ్ కుర్రాడు:
మొదటిది కూడా భయమే! ఫ్రెంచివాళ్లు దిగేది ఆ తీరంలోనే కదా, మంగళూరులో. రేవులు లాగేసుకుంటే టిప్పుకు సముద్రం ఉండదు, ఫ్రెంచి సాయం రాదు.

కోరమంగళ బ్రో:
ఇంత చర్చ ఎందుకు గురూ, దోపిడీ కోసం వచ్చారు. హారిస్ ఒక్కడి వాటాకే 1,40,000 పౌండ్లు పైన వచ్చింది.

పాత పుస్తకాల పురుగు:
అది సైన్యం సంగతి. మార్నింగ్టన్‌కు అందులోంచి లక్ష పౌండ్లు ఇస్తామంటే వద్దన్నాడు. అతని ఆకలి పేరు మీద. యుద్ధమయ్యాక మార్క్విస్ బిరుదిస్తే, అది ఇంగ్లీషు బిరుదుకన్నా తక్కువదైన ఐరిష్ బిరుదని అలిగాడు మహానుభావుడు. అప్పుడు మాత్రం కుంఫిణీ ఏటా 5,000 పౌండ్లు ఇస్తామంటే కాదనలేదు.

సీమ మనిషి, మారతహళ్లి:
మన సంగతి కూడా మాట్లాడుకుందాం. ఆ దండులో నిజాము సైన్యం ఉంది, దాన్ని నడిపింది మార్నింగ్టన్ తమ్ముడు ఆర్థర్. వాటాగా నిజాముకు గుత్తి, గుర్రంకొండ దక్కాయి. ఏడాదిన్నర తిరక్కుండానే, 1800 అక్టోబరులో, తన దగ్గరుంచిన ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద వాటినీ, 1792లో దక్కినవాటినీ నిజాము కుంఫిణీకి రాసిచ్చేశాడు. బళ్లారి, అనంతపురం, కడప అలా దత్త మండలాలయ్యాయి. మా గుత్తివాళ్లకు రెండేళ్లలోపు ముగ్గురు ప్రభువులు! శిస్తు వసూలుకు మన్రో దిగాడు. మిత్రుడికి ఎడంచేత్తో ఇచ్చి కుడిచేత్తో లాక్కున్నవాణ్ణి చూసి భయస్థుడు అనమంటే ఎలా?

వైట్‌ఫీల్డ్ కుర్రాడు:
1800లో జరిగినదాన్ని చూసి 1798లో ఉద్దేశం ఇదీ అని చెప్పకూడదన్నా. భూమే కావాలంటే మైసూరు మొత్తం మింగొచ్చు కదా. అయిదేళ్ల ఒడయారు పిల్లాణ్ణి గద్దె ఎక్కించడం దేనికి?

జయనగర్ మేష్టారు:
మొత్తం పంచుకుంటే నిజాముకు సమాన వాటా ఇవ్వాలి, మరాఠాలు కన్నెర్రజేస్తారు. ఆ సంగతి మార్నింగ్టనే రాసుకున్నాడు. పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఏటా 7 లక్షల పగోడాలు (అప్పటి బంగారు నాణేలు) కట్టించుకున్నాడు. తీరం, కోయంబత్తూరు ఎలాగూ తన వాటాకే వేసుకున్నాడు. తీరం మీద మాత్రం నీ మాట కొట్టిపారేయలేను, అది రెండు వాదాలకూ సరిపోతుంది.

కానీ ఆఖరి ఉత్తరాల సంగతేమిటి? జనవరి 9న రాసి, అందిన ఒక్క రోజులో జవాబివ్వమన్నాడు. టిప్పు, నేను వేటకు వెళుతున్నాను, మీరు రాయబారిగా పంపుతామన్న మేజర్ డవ్‌టన్‌ను ఎక్కువ పరివారం లేకుండా పంపండి అని రాశాడు. పొగరుగా ఉన్నా అది ఒప్పుకోలే. ఆ జవాబు ఫిబ్రవరి 13న అందేసరికి దండు కదలమన్న ఉత్తరువు వెళ్లి పదిరోజులు.

వైట్‌ఫీల్డ్ కుర్రాడు:
వానలు మేష్టారూ! జూన్‌లో కావేరి పొంగితే శ్రీరంగపట్నాన్ని ముట్టడించడం ఎవరి వల్లా కాదు. టిప్పు సాగదీసింది అందుకే. ఇంకో నెల ఆగితే ఆ ఏడాది యుద్ధమే లేదు.

జయనగర్ మేష్టారు:
సరే, వానల లెక్క మార్నింగ్టన్‌కూ తెలుసు, మద్రాసులో దిగిన రోజునుంచే తెలుసు. అలాంటప్పుడు జనవరి 9 ఉత్తరానికి అతను ఒప్పుకోలు జవాబు రావాలనే కోరుకున్నాడంటావా?