ప్యూమాను చిరుత అనొచ్చా?

మొన్న ఇక్కడ ఒకరు అర్జెంటీనా రగ్బీ ఆటగాడు ఊగో పోర్తా గురించి చక్కగా రాశారు (స్పానిష్‌లో 'హ' పలకరు కాబట్టి హ్యూగో కాదు, ఊగో). అందులో 'లోస్ పూమాస్' (అంటే 'ప్యూమాలు') అనే అర్జెంటీనా జట్టు పేరును 'చిరుతలు' అని తెలుగు చేశారు. నా అభ్యంతరం ఆ ఒక్క మాట దగ్గరే.

ప్యూమా అమెరికా ఖండాల్లో ఉండే పిల్లిజాతి మృగం. దాని ఒంటి మీద మచ్చలుండవు, ఒళ్లంతా ఒకటే గోధుమరంగు. మన చిరుతకు ఒంటినిండా మచ్చలే. అది సరే, అసలు తమాషా ఏమిటంటే ఆ జట్టు చిహ్నంలో ఉన్నది ప్యూమా కాదు, అక్కడిదే మరో పిల్లిజాతి మృగం జాగ్వార్. 1965లో వాళ్లు దక్షిణాఫ్రికా పర్యటనకు వెళ్లినప్పుడు అక్కడి విలేఖరి ఒకరు చొక్కా మీద బొమ్మ చూసి ప్యూమా అనుకుని అలాగే రాసేశాడు. ఆ పేరే నిలిచిపోయింది. అంటే అది పొరపాటున పుట్టిన పేరు. దాన్ని చిరుత అంటే మనం ఇంకో పొరపాటు కలిపినట్టు అవుతుంది, పైగా ఆ కథంతా పోతుంది.

పోర్తా ఈ రెండు జంతువుల పేర్ల కిందా ఆడాడు. 1982లో బ్లూమ్‌ఫాంటీన్‌లో 'సౌత్ అమెరికన్ జాగ్వార్స్' దక్షిణాఫ్రికాను 21–12తో ఓడించింది. పేరుకు ఖండం జట్టు, ఆడింది దాదాపు అందరూ అర్జెంటీనావాళ్లే. ఆ 21 పాయింట్లూ పోర్తావే. 1985లో బ్యూనస్ ఐరిస్‌లో ప్యూమాలు న్యూజిలాండ్‌తో 21–21తో డ్రా చేసుకున్నప్పుడూ అంతే, మొత్తం ఆయనవే: నాలుగు పెనాల్టీలు, మూడు డ్రాప్ గోల్స్. డ్రాప్ గోల్ అంటే చేతిలో బంతిని జారవిడిచి, అది నేలను తాకి లేస్తుండగా తన్ని, గోల్ స్తంభాల మధ్య అడ్డుకర్ర పై నుంచి పంపడం. మీదికి దూసుకొచ్చే ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టు) ముందు ఒకే మ్యాచ్‌లో మూడుసార్లు! ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. అదే పోర్తా 1990ల్లో దక్షిణాఫ్రికాకు అర్జెంటీనా రాయబారిగా వెళ్లాడు.

కింద వ్యాఖ్యల్లో ఒక సోదరి, "మరి జాగ్వార్‌ను చిరుత అంటే తప్పేంటి, దానికీ మచ్చలున్నాయిగా?" అని అడిగారు. మంచి ప్రశ్న అమ్మా. చిరుత మచ్చ ఖాళీ వలయంలా ఉంటుంది, జాగ్వార్ వలయంలో మళ్లీ చుక్కలుంటాయి. అదీగాక జాగ్వార్ అసలు మన అడవుల్లో ఉండదు. అర్జెంటీనాలో దాన్ని 'యాగ్వారెతే' అంటారు, అక్కడి ఆదివాసుల భాష గ్వారనీలోని మాట. ఆ భాషలో 'యాగ్వా' అనే పేరు తర్వాత కుక్కకు వాడుకైపోయింది. దాంతో మృగానికి 'ఎతే' తగిలించి 'అసలైన యాగ్వా' అన్నారు. మనం చిరుతపులి నుంచి వేరుగా చెప్పడానికి పులికి 'పెద్ద' చేర్చి పెద్దపులి అన్నామే, అలాగన్నమాట.

అందుకే జట్టును 'ప్యూమాలు' అనే రాద్దాం, బొమ్మ గురించి చెప్పాల్సి వస్తే 'జాగ్వార్' అందాం. డ్రాప్ గోల్‌కు మాత్రం మన మాట ఒకటి ఉంటే బాగుండు. పల్లెల్లో బంతాటలు ఆడినవాళ్లెవరికైనా, నేలను తాకి లేచే బంతిని తన్నడానికి పేరు తెలిస్తే చెప్పండి.