నాన్నగారి ఇ-ఆధార్ మూడుసార్లు డౌన్‌లోడ్ అయింది, కానీ ఫోనులో ఎక్కడుందో దొరకడం లేదు

కృష్ణాతీరం (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. ఆయన అమ్మతో తెనాలిలో ఉంటారు, నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. బ్యాంకులో ఇవ్వడానికి ఇ-ఆధార్ ప్రతి కావలసివచ్చి, నేను ఇక్కడి నుండి చెబుతూ ఉండగా ఆయన తన ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌లో ఆధార్ వెబ్‌సైటు తెరిచి మూడుసార్లు డౌన్‌లోడ్ చేశారు. ప్రతిసారీ డౌన్‌లోడ్ పూర్తయిందన్న మాట కనిపించి మాయమైంది గానీ, గ్యాలరీలో వెదికితే ఏమీ లేదు. వాట్సాప్‌లో వచ్చిన ఒక ఫారం కూడా నిన్న తెరిచి చదివాం, ఈరోజు దాని జాడ లేదు. చివరకు ఆయన వీధి చివరి ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి, అక్కడి కంప్యూటరులో ఇ-ఆధార్ తీయించుకుని ప్రింటు తెచ్చుకున్నారు. పని జరిగింది, కానీ "ఇవన్నీ నాకు రావులేరా" అని ఆయన అన్న మాట నన్ను బాధిస్తున్నది. తన ఫైళ్లను ఆయనే వెదుక్కునేలా నేను ఏమి నేర్పాలి? మా చెల్లెలి దగ్గర ఐఫోను ఉంది, అందులో పద్ధతి వేరా?

పాత కీబోర్డు:
మీ నాన్నగారి పొరపాటు ఏమీ లేదండి. గ్యాలరీ చూపేది ఫొటోలనూ వీడియోలనూ మాత్రమే, ఇ-ఆధార్ పీడీఎఫ్ కనుక అక్కడ ఎన్నిసార్లు వెదికినా కనబడదు. ఆయనకు ముందుగా నేర్పవలసింది ఫోల్డర్ల పేర్లు కాదు, ‘దీన్ని ఏ యాప్ తెచ్చింది?’ అన్న ఒక్క ప్రశ్న.

క్రోమ్ తెచ్చినదైతే, క్రోమ్‌లోనే పైన కుడివైపున్న మూడు చుక్కలను నొక్కి ‘డౌన్‌లోడ్‌లు’ తెరిస్తే వరుసగా కనిపిస్తుంది. అదే ఫైలు, ఫోనులో ఉన్న ‘ఫైల్స్’ యాప్‌లో (శాంసంగ్ ఫోన్లలో దాని పేరు ‘మై ఫైల్స్’) డౌన్‌లోడ్‌ల విభాగంలోనూ ఉంటుంది. మూడుసార్లు దించారు కనుక, ఒకే పేరు చివర కుండలీకరణాల్లో 1, 2 అంకెలతో మరో రెండు ప్రతులు కనిపించవచ్చు.

వాట్సాప్ సంగతి వేరు. దాని ద్వారా వచ్చిన డాక్యుమెంట్లు క్రోమ్ జాబితాలో కనబడవు, అవి ‘ఆండ్రాయిడ్’ ఫోల్డరులో ‘మీడియా’ లోపల, వాట్సాప్ సొంత ఫోల్డరులో ఉంటాయి. అంత లోతుకు పెద్దవారిని తీసుకువెళ్లనవసరం లేదు. పంపినవారి చాట్ తెరిచి, పైన వారి పేరు నొక్కితే మీడియా, లింకులు, డాక్యుమెంట్లు ఒకేచోట కనిపిస్తాయి. ముఖ్యమైనదాన్ని మాత్రం ఆ రోజే వేరే చోట భద్రపరచడం మంచిది, ఎందుకంటే ఫోనులోని ప్రతి చెరిగిపోతే, చాలాకాలం తర్వాత అదే చాట్ నుండి మళ్లీ దించుకోవడం కుదరకపోవచ్చు.

ఇంకొక మాట. జీమెయిల్‌లో జోడింపును (అటాచ్‌మెంటును) తెరిచి చదివినంత మాత్రాన అది ఫోనులోకి దిగినట్టు కాదు. కింది వైపు బాణం గుర్తును నొక్కితేనే దిగుతుంది. ‘నిన్న చూశాను, ఈరోజు లేదు’ అని మా ఇంట్లోవారు అన్న ప్రతిసారీ కారణం చాలావరకు ఇదే.

గుంటూరు వాసి:
నాకు మీ ప్రశ్నలో ఇంటర్నెట్ సెంటరు గురించి రాసిన వాక్యం దగ్గర మనసు ఆగింది. ఆ కంప్యూటరులో దించిన ఇ-ఆధార్ ఇప్పటికీ అక్కడి డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఉండి ఉండవచ్చు. దానికి పాస్‌వర్డు ఉంటుంది నిజమే, కానీ అది పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, ఆ వెంట పుట్టిన సంవత్సరం. మనిషి పేరూ వయసూ తెలిసినవారికి దాన్ని ఊహించడం కష్టం కాదు.

వీలైతే మళ్లీ వెళ్లి తీసివేయించండి. విండోస్ కంప్యూటరులో విండోస్ మీట, ఇ అక్షరం కలిపి నొక్కి, ఎడమవైపు ‘డౌన్‌లోడ్స్’ తెరిచి, ఆ ఫైలును ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లకుండా పోతుంది. క్రోమ్‌లో కంట్రోల్, జె నొక్కితే వచ్చే జాబితాను చెరిపివేసినంత మాత్రాన ఫైలు పోదు. అజ్ఞాత (ఇన్‌కాగ్నిటో) విండోలో దించినా, విండో మూసిన తర్వాత జాబితా మాయమవుతుందే తప్ప ఫైలు ఫోల్డరులోనే ఉండిపోతుంది. ఇకముందు దించేటప్పుడు, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో ముందు అడిగి, సరిపోతే దాన్నే ఎంచుకోమనండి.

నల్లమల నీడ:
ఐఫోను గురించి. 2019లో వచ్చిన ఐఓఎస్ 13 (ఐఫోను నడిపే సాఫ్ట్‌వేరు) నుండి, ఐఫోను సొంత బ్రౌజరైన సఫారీ దించినవి ‘ఫైల్స్’ యాప్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డరులోకి వెళుతున్నాయి. అది ఐక్లౌడ్ డ్రైవ్‌లో (ఆపిల్ వారి ఆన్‌లైన్ నిల్వలో) ఉందా, ఫోనులోనే ఉందా అన్నది సెట్టింగ్స్‌లో సఫారీ కింద ‘డౌన్‌లోడ్స్’ దగ్గర తెలుస్తుంది. మీ చెల్లెలికి దొరకకపోతే ఈ రెండు చోట్లా చూడమనండి.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నాన్నగారికి ఫోను చేసి, ఏ యాప్ తెచ్చిందో ఆలోచించమని మాత్రమే చెప్పి ఊరుకున్నాను. కాసేపటికి ఆయనే క్రోమ్‌లో మూడు ప్రతులూ కనుక్కుని, ఒకటి ఉంచి తక్కిన రెండూ తీసివేశారు. ఫారం కూడా చాట్‌లో దొరికింది. కంప్యూటరులో మిగిలిపోయిన ఫైలు సంగతి విన్నాక, రేపు ఉదయం సెంటరు తలుపులు తీసే వేళకే వెళ్లి దగ్గరుండి తీసివేయిస్తానన్నారు. షిఫ్ట్, డిలీట్ అన్న రెండు మాటలూ ఆయన తన డైరీలో రాసుకున్నారు.