ఏజెంట్‌కు టూల్ వివరణ ఎంత రాయాలి? రొయ్యల కౌంట్ దగ్గర బోల్తా పడ్డాం

కావలి_కోడర్
మాది రొయ్యలు కొనే ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే చిన్న టీమ్. పోయిన నెల మా రేట్ల సర్వర్‌ను ఎంసీపీతో (ఏఐని బయటి ప్రోగ్రాములతో కలిపే పద్ధతి) రైతులకు జవాబిచ్చే ఏఐ ఏజెంట్‌కు తగిలించాం. రేటు కోసం ఏజెంట్ పిలిచే టూల్ పేరు గెట్_రేట్. దానికి మేం రాసిన వివరణ మొత్తం ఇదీ: "రేటు ఇస్తుంది. కౌంట్: కౌంట్ నంబరు."

ఒక రైతు "పెద్ద రొయ్యకు ఎంతిస్తారు" అని అడిగాడు. ఏజెంట్ కౌంట్ దగ్గర 100 పెట్టి, వచ్చిన రేటే పెద్ద రొయ్య రేటని చెప్పేసింది. కిలోకు ఎన్ని తూగితే అది కౌంట్, 30 అంటే పెద్దది, 100 అంటే చిన్నది అని చెరువు గట్టు మీద తిరిగే పిల్లాడికి కూడా తెలుసు. దీనికి తెలీదు. అంకె పెద్దది కాబట్టి రొయ్యా పెద్దదనుకుంది. రైతు ఆ రేటు విని సరుకు వేరేవాళ్లకు తోలేశాడు.

నేను వివరణను నాలుగు వాక్యాలు చేస్తే మా సీనియర్ తీసేయమంటున్నారు. ఏజెంట్ లోపలి మోడల్ తెలివైనదట, అదే తెలుసుకుంటుందట. మీరేమంటారు?

దర్గామిట్ట_దేవ్
ఎక్కడ్నుంచి తెలుసుకుంటుంది? దానికి మీ కోడ్ కనపడదు కదా. పేరు, వివరణ, పారామీటర్ల స్కీమా (టూల్‌కు ఏ విలువలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే పట్టిక). దాని చేతికి వెళ్లేవి అంతే.

పాతకాపు_ఒంగోలు
అమ్మాయ్, నాలుగు వాక్యాలు రాయడం మందు కాదు. పారామీటర్ పేరే తప్పు. కౌంట్ అని కాకుండా "కిలోకు_ఎన్ని" అని పెట్టు. అంకె ఏదైనా తీసుకోకుండా 30, 40, 50 అని మీరు కొనే సైజులే జాబితాగా ఇవ్వు. తప్పు అంకె వస్తే "చెల్లని ఇన్‌పుట్" అని ముఖాన కొట్టకుండా "30 నుంచి 100 లోపు ఇవ్వండి, అంకె తగ్గితే రొయ్య పెద్దది" అని తిప్పి పంపు. అది చదువుకుని మళ్లీ సరిగ్గా అడుగుతుంది. వివరణ పాతబడుద్ది. కోడ్ మార్చినవాడు దాన్ని మార్చడు. పైగా టూల్స్ యాభై ఉంటే ఆ వివరణలన్నీ ప్రతి సంభాషణలోనూ మోసుకు తిరగాలి. మోడల్ చదివే ప్రతి ముక్కకూ, అంటే టోకెన్‌కూ, డబ్బులు ఎవరిస్తారు?

మొలగొలుకులు
మాది వడ్ల వ్యాపారం. మా టూల్‌లో పరిమాణం అని ఉంది, అది క్వింటాళ్లలో. రైతు 10 పుట్లు అంటే ఏజెంట్ 10 అనే పెట్టింది. పుట్టి అంటే 850 కిలోలు. పది పుట్లంటే 85 క్వింటాళ్లు. లారీ మాట్లాడేదాకా ఎవరూ చూసుకోలేదు.

కందుకూరోడు
పుట్టి అన్ని చోట్లా 850 కాదన్నా. మా అత్తగారి వైపు లెక్క వేరే.

మొలగొలుకులు
నెల్లూరు జిల్లాలో 850 కిలోలే. మీ అత్తగారి లెక్క నాకెందుకు?

కందుకూరోడు
మా ఊరును 2022లో ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపారు. జిల్లా మారినంత మాత్రాన కొలత మారుద్దా?

దర్గామిట్ట_దేవ్
ఏందబ్బా, ఇద్దరు మనుషులకే పుట్టి తెగట్లేదు, ఏజెంట్‌ను తిడతారు.

కావలి_కోడర్
పాతకాపు గారూ, పేరు మార్చమన్నది బాగుంది, మారుస్తాను. కానీ పేరులో పట్టని సంగతులుంటాయి. మాకు గెట్_రేట్‌తో పాటు "రేటు_మార్చు" అని ఇంకో టూల్ ఉంది. ఏది ఎప్పుడు వాడాలో, ముఖ్యంగా ఎప్పుడు వాడకూడదో స్కీమా చెప్పదు. అది రాయాల్సిందే.

పాతకాపు_ఒంగోలు
"వాడకూడదు" అని రాస్తే ఆగుద్దనుకుంటున్నావా? రేటు మార్చే టూల్‌కు మనిషి ఓకే నొక్కితే తప్ప నడవని తాళం సర్వర్‌లో వెయ్యి. ఎంసీపీలో చెరిపేసే టూల్ ఇదీ అని గుర్తు పెట్టే వీలుంది, నిజమే. అది సూచన మాత్రమే, తాళం కాదు. కాగితం మీద రాతను నమ్ముకుని గోదాముకు తాళం వెయ్యనోడిని ఏమంటారు?

కావలి_కోడర్
తాళం వద్దని నేను ఎక్కడన్నాను? మీరు నేను అనని మాటకు జవాబిస్తున్నారు. నేను చేరిన కొత్తలో ఇదే కౌంట్ గురించి మా సీనియర్‌ను అడిగాను. "కోడ్ చూసుకో" అన్నారు. మాది ఉదయగిరి దగ్గర, మెట్ట ప్రాంతం. రొయ్యల చెరువు నేను చూసిందే ఉద్యోగంలో చేరాక. మూడు వారాలు తప్పు రిపోర్టులు ఇచ్చి అందరి ముందూ మాటలు పడ్డాను. ఆ రోజు ఆ నాలుగు వాక్యాలు ఉండుంటే నేనూ పడేదాన్ని కాదు, ఇప్పుడు ఏజెంటూ పడేది కాదు. రాయడానికి మీ అందరికీ ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

దర్గామిట్ట_దేవ్
సూటిగా తగిలింది.

పాతకాపు_ఒంగోలు
ఏం అడ్డమో చెప్తా విను. ఇంతకు ముందు ఒక కంపెనీలో బిల్లింగ్ ప్రోగ్రాముకు 60 పేజీల మాన్యువల్ రాశాను. రాత్రుళ్లు కూర్చుని రాశాను. అందులో తేదీ 03/06 అని ఉదాహరణ ఇచ్చాను. నా లెక్కలో జూన్ 3. అవతలి ఊరి ఆఫీసులో మార్చి 6 అనుకుని నెల బిల్లులు తలకిందులు చేశారు. మీటింగులో ఆ పేజీ ప్రింటు తీసి నా ముందు పెట్టారు. మాన్యువల్ రాయని నలుగురూ టీ తాగుతూ కూర్చున్నారు. రాసినోడే దొరికాడు. రేపు ఏజెంట్ రేటు తప్పు చెప్తే మోడల్‌ను ఎవరూ పిలవరు. "ఈ వివరణ ఎవరు రాశారు" అని అడుగుతారు. మీ సీనియర్ భయం కూడా అదే అయ్యుంటుంది. నోరు తెరిచి చెప్పడు.

మొలగొలుకులు
అన్నా, 2025-06-03 అని రాయాల్సింది.

పాతకాపు_ఒంగోలు
ఆ సంగతి ఇప్పుడు నువ్వు చెప్పాలా?

కావలి_కోడర్
సారీ సార్, ఆ సంగతి నాకు తెలీదు. మీరన్నట్టు పేరు, జాబితా, తాళం మూడూ పెడుతున్నాను. వివరణ మాత్రం తియ్యను. తిరగరాశాను, చూడండి:

"ఈ రోజు రొయ్యల కొనుగోలు రేటు, కిలోకు రూపాయల్లో. కిలోకు_ఎన్ని: కిలోకు తూగే రొయ్యల సంఖ్య. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. రైతు సైజు చెప్పకపోతే ఊహించవద్దు, అడగాలి. రేటు మార్చడానికి ఇది పనికిరాదు."

కందుకూరోడు
బాగుండాది.

పాతకాపు_ఒంగోలు
ఏం బాగుంది? తల ఉన్న రొయ్యా, తల తీసిందా? ఎగుమతి వాళ్లు తల తీసినదానికి కౌంట్ కిలోకు కాదు, పౌనుకు చెప్తారు. రేపు ఎవరో ఎక్స్‌పోర్టర్ 21-25 అని అడిగితే నీ టూల్ మళ్లీ బోల్తా. "చెరువు దగ్గర పట్టిన, తలతో ఉన్న రొయ్యకు మాత్రమే" అని మొదటి వాక్యంలోనే పెట్టు. "ఈ రోజు" అన్నావు, రేటు ఎన్ని గంటలకు మారుద్దో కూడా రాయి.

నేను చెప్పానని మాత్రం ఎక్కడా పెట్టొద్దు.