'ఐ ఫీల్ లవ్' బేస్ లాప్‌టాప్‌లో కడితే చచ్చుగా ఎందుకొస్తోంది?

బొబ్బిలి బాక్సులు:
అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి. పెళ్లిళ్లకీ, అమ్మవారి సంబరాలకీ సౌండు, లైట్లు పెడుతుంటాం. మాఘంలో విజయనగరంలో ఒక రిసెప్షన్ ఒప్పుకున్నాను. పెళ్లికొడుక్కి మ్యూనిక్‌లో ఉద్యోగం. డోనా సమ్మర్ పాడిన 'ఐ ఫీల్ లవ్' వెయ్యాలి, దాని మీద మన తప్పెటగుళ్ల దరువు కలపాలి అన్నాడు. పాట 1977ది అంటే మొదట నమ్మలేదు. నిన్న కట్టినట్టుంది.

ఒరిజినల్ మీద తప్పెట కలిపితే గజిబిజిగా ఉంది, అందుకే బేస్, అంటే కింద మోగే బరువైన స్వరాల వరస, నేనే కడదామని కూర్చున్నాను. బీటుకి నాలుగు చొప్పున స్వరాలన్నీ తెర మీద తాళం గీతల మీద సరిగ్గా పెట్టాను. సింథ్ (సింథసైజర్) సౌండు కూడా దగ్గరగానే దొరికింది. అయినా టైపు మిషన్ కొడుతున్నట్టు వస్తోంది. కంప్యూటర్ లేని రోజుల్లో వాళ్లు ఏటి చేశారు? ఇంకోటి, డిస్కో పాటలు అంతకుముందూ ఉన్నాయి కదా, అందరూ దీన్నే ఎందుకంత పెద్దగా చెప్తారు?

కోట దగ్గర కీబోర్డు:
తమ్ముడూ, నేను విజయనగరం. ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాణ్ని, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. ఈ పాట పేరెత్తితే నన్ను ఆపడం కష్టం, కాస్త ఓపిక పట్టు.

ముందు నీ రోగానికి మందు. నువ్వు నాలుగు స్వరాలూ పెట్టావు, వాళ్లు పెట్టింది రెండే. చతురశ్ర నడకలో నాలుగక్షరాలు అనుకో. ఒకటీ మూడూ మిషన్ వాయించింది. రెండూ నాలుగూ డిలేలోంచి, అంటే స్వరాన్ని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే పరికరంలోంచి, వచ్చిన వాటి నీడలు. అసలు స్వరం ఒక చెవికి, నీడ రెండో చెవికి. హెడ్‌ఫోన్సు పెట్టుకుని ఒక వైపు తీసేసి విను, పాట సగానికి పడిపోతుంది. ఆ పరుగు ఏ ఒక్క స్పీకర్లోనూ లేదు, రెండింటి మధ్యలో ఉంది. నిమిషానికి 128 బీట్లు పెట్టుకుంటే డిలే సుమారు 117 మిల్లీసెకన్లు పెట్టు. అది రెండు మూడు మిల్లీసెకన్లు అటూ ఇటూ అయినా కంగారు పడకు.

ఇక ఎలా చేశారంటావా. మ్యూనిక్‌లో అరబెల్లా అనే పెద్ద భవనం కింద, నేలమాళిగలో, మ్యూజిక్‌లాండ్ స్టూడియో ఉండేది. నిర్మాతలు ఇటలీ నుంచి వచ్చిన జార్జియో మోరోడర్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన పీట్ బెలాట్. డోనా సమ్మర్ది అమెరికాలో బోస్టన్. సంగీత నాటకంలో వేషం వెయ్యడానికి జర్మనీ వచ్చి అక్కడే ఉండిపోయింది. 'ఐ రిమెంబర్ యస్టర్‌డే' అని ఒక ఆల్బం చేస్తున్నారు, ఒక్కో పాట ఒక్కో కాలం బాణీలో. చివరి పాట భవిష్యత్తుది కావాలి. భవిష్యత్తుకి వయొలిన్లేంటి అనుకుని అన్నీ సింథసైజర్ మీదే చేద్దామన్నారు.

వాళ్లు వాడిన సింథసైజర్ పేరు మూగ్ మాడ్యులర్. గోడకి ఆనించిన బీరువా అంత ఉంటుంది, నిండా తీగలు. అదీ వాళ్లది కాదు, ఎబర్‌హార్డ్ షోనర్ అనే స్వరకర్తది. దాన్ని నడిపే రాబీ వెడెల్ కూడా అక్కడి నుంచే వచ్చాడు. టేపు మీద ముందే ఒక క్లిక్, అంటే తాళం చెప్పే టిక్ టిక్ శబ్దం, రికార్డు చేసి, మూగ్ దాని వెంట నడిచేలా కట్టింది ఈ వెడెలే. దానివల్ల ఒకదాని మీద ఒకటి ఎన్ని సార్లు రికార్డు చేసినా తాళం తప్పదు. పాటలో అసలు కీలకం ఇదేనని నా ఉద్దేశం. రికార్డు మీద పెద్దక్షరాల్లో ఉండేవి మాత్రం వేరే పేర్లు, మన ఆర్కెస్ట్రాల్లో తెర వెనక మిక్సర్ దగ్గర కూర్చునే మనిషి సంగతీ ఇంతే.

పైగా ఆ మిషన్‌కి శ్రుతి నిలవదు. కాస్త వేడెక్కితే జారిపోతుంది. కొన్ని సెకన్లు రికార్డు చెయ్యడం, ఆపడం, శ్రుతి చెయ్యడం, మళ్లీ అక్కడి నుంచి అందుకోవడం. మిషన్ పాట అంటారు గానీ అంత చేతిపని ఉంది అందులో. తాళం శబ్దాలు కూడా మూగ్‌లో గాలిహోరు లాంటి శబ్దాన్ని ముక్కలు కోసి చేసినవే.

కాలితో తొక్కి వాయించే పెద్ద డ్రమ్ము, కిక్ డ్రమ్ దగ్గర మాత్రం మూగ్ చేతులెత్తేసింది. గుండెల్లో తగిలే దెబ్బ దాంట్లో రాలేదు. కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్ని కూర్చోబెట్టి వాయించారు. మిషన్ క్లిక్ వింటూ ఒక మనిషి కాలు పాట పొడుగునా తొక్కుతూ ఉంది. మొత్తం పాటలో డోనా గొంతు కాక ఒంటిలోంచి వచ్చింది అదొక్కటే. నీ దాంట్లో లేనిదీ అదే. నీ లాప్‌టాప్ కిక్ తీసేసి, తప్పెట వాయించే వాళ్లకే ఆ పని అప్పజెప్పు. వాళ్ల చెవుల్లో క్లిక్ పెట్టు, రికార్డు చెయ్యి, తర్వాత గీతల మీదకి లాగకు. అలాగే వదిలెయ్.

గొంతు సంగతీ చెప్పాలి. కింద బేస్ అంత పరిగెడుతుంటే, పైన ఆమె తొందరే పడదు. మాటలు గుప్పెడు, స్వరాలు పొడుగు, బలవంతం లేదు. మా సంగీత కళాశాల వెనక వీధిలో పొద్దున్నే తంబూరా పెట్టుకుని సాధన చేసేవాళ్లని విన్న చెవికి ఇది కొత్తేం కాదు. కింద ఒకటే శ్రుతి మోగుతుంటే పైన తీరిగ్గా పాడొచ్చు. తేడా అల్లా ఇక్కడ ఆ శ్రుతి గంతులేస్తుంది.

సిక్కోలు క్యాసెట్లు:
మాష్టారూ, బాగా చెప్పారు గానీ నాదొక మాట. ఈ పాటని మరీ నెత్తికెత్తుకుంటున్నారు. అదే జర్మనీలో క్రాఫ్ట్‌వెర్క్ అనే బ్యాండు వాళ్లు 1974లోనే 'ఆటోబాన్' చేశారు. మిషన్ సంగీతానికి పెద్దన్నలు వాళ్లు. అమెరికాలో ఈ పాటని మొదట రికార్డు వెనక వైపు వేసి వదిలారు, అక్కడ 6వ స్థానం దాటలేదు. మన శ్రీకాకుళంలో 1977లో దీన్ని విన్నవాడెవడో చూపించండి. మనకి ఆ శబ్దం హిందీ దారిలో వచ్చింది. 1980లో 'ఖుర్బానీ'లో నాజియా హసన్ పాడిన 'ఆప్ జైసా కోయి', బెంగళూరులో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ బిడ్డు కట్టిన పాట. తర్వాత బప్పీ లహరి. తెలుగులో 'సింహాసనం' క్యాసెట్ మా ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ కొట్టులో అరిగిపోయేదాకా వేశారు. మనకి వారసత్వం అంటే అది.

కోట దగ్గర కీబోర్డు:
క్రాఫ్ట్‌వెర్క్ పెద్దన్నలే, కాదనను. కానీ వాళ్ల పాటలో మనిషి కూడా మిషన్‌లా పాడతాడు, అదే వాళ్ల ఆట. ఇక్కడ మిషన్ మిషన్‌లా ఉంటుంది, మనిషి మనిషిలా ఉంటుంది, ఇద్దరూ కలిసి గంతేస్తారు. క్లబ్బుల్లో జనం లేచింది దానికి.

అమెరికా లెక్క చెప్పావు, బ్రిటన్ లెక్క వదిలేశావు. అక్కడ 1977 వేసవిలో నాలుగు వారాలు 1వ స్థానం. ఆ రోజుల్లో బెర్లిన్‌లో ఇంగ్లండ్ గాయకుడు డేవిడ్ బోవీ రికార్డింగులో ఉంటే, అతనితో పనిచేస్తున్న బ్రయాన్ ఈనో ఈ రికార్డు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, భవిష్యత్తు శబ్దం దొరికిందన్నాడని బోవీయే తర్వాత చెప్పాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్యాట్రిక్ కౌలీ అనే సంగీతకారుడు దీన్ని సాగదీసి 15 నిమిషాలు దాటే మిక్స్ చేశాడు. 1983లో ఇంగ్లండ్ బ్యాండు న్యూ ఆర్డర్ వాళ్ల 'బ్లూ మండే' నడిచింది ఈ రోడ్డు మీదే. మొన్న 2022లో అమెరికా గాయని బియాన్సే తన ఆల్బం చివరి పాటలో దీన్నే మళ్లీ అల్లింది. మధ్యలో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ వాళ్లు భద్రపరచాల్సిన రికార్డుల్లో చేర్చారు. వెనక వైపు వేసిన పాటకి ఇంకేం కావాలి?

బిడ్డు సంగతి మాత్రం నీతో ఏకీభవిస్తాను. మా ఆర్కెస్ట్రాలో 'ఆప్ జైసా కోయి' పడకపోతే జనం దిగనిచ్చేవారు కాదు. డోనా సమ్మర్ ఎవరో స్టేజీ మీద ఉన్న మాకూ తెలీదు.

బొబ్బిలి బాక్సులు:
మాష్టారూ, డిలే పెట్టి చూశాను, ప్రాణం లేచొచ్చింది. కానీ ఒక చిక్కు. మా బాక్సులు మోనోలో నడుస్తాయి, అంటే అన్నిట్లోనూ ఒకటే సౌండు. గ్రౌండుకి ఈ చివరా ఆ చివరా పెడతాం. ఎడమా కుడీ విడదీస్తే భోజనాల వైపు ఉన్నవాళ్లకి సగం పాటే వినిపిస్తుంది కదా?

కోట దగ్గర కీబోర్డు:
విడదియ్యకు. రెండూ మధ్యలోనే పెట్టి, నీడ సౌండు అసలుదాని కన్నా కొంచెం తగ్గించు. ఇంట్లో వినేంత మజా రాదు గానీ పరుగు నిలుస్తుంది. నీడలో కింది బేస్ కొంత కోసెయ్, లేకపోతే తప్పెట దెబ్బ కలిసిపోయి బురదవుతుంది. స్టేజీ మీద తప్పెట వాళ్లకి మానిటర్ (వాళ్ల కోసం పెట్టే చిన్న స్పీకర్) దగ్గరగా పెట్టు. దూరం బాక్సుల్లోంచి వచ్చేది విని వాయిస్తే వాళ్లు వెనకబడతారు.

సిక్కోలు క్యాసెట్లు:
15 నిమిషాల మిక్స్ మాత్రం వెయ్యకు బాబూ, పెళ్లివారు భోజనాలకి పోతారు. నాలుగు నిమిషాలకి తప్పెట ఒక్కటే వదిలి, అక్కడి నుంచి 'ఆప్ జైసా కోయి'లోకి దిగు. స్పీడు కలవదు, ముందే సరిచూసుకో.