ఆఖరి జీతం ఆపడం, సర్టిఫికెట్లు దాచుకోవడం: హైదరాబాద్‌లో మీకేం జరిగింది?

నైట్‌షిఫ్ట్:
మాదాపూర్‌లో ఓ చిన్న కంపెనీలో సపోర్ట్ ఉద్యోగం మానేశాను. నోటీస్ పీరియడ్ మొత్తం చేశాను, ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అప్పజెప్పాను. ఆఖరి నెల జీతం అడిగితే హెచ్‌ఆర్ "ఫైనాన్స్ వాళ్లు చూస్తున్నారు" అంటారు. రిలీవింగ్ లెటర్ అడిగితే మా మేనేజర్ "ఆ ఎస్కలేషన్ నీవల్లే వచ్చింది, అది తేలాక చూద్దాం" అంటాడు. ఎస్కలేషన్ అంటే కస్టమర్ ఫిర్యాదు పైవాళ్లదాకా వెళ్లడం. ఎస్కలేషన్ వచ్చిన రోజు నాకు వీక్లీ ఆఫ్! కొత్త కంపెనీవాళ్లేమో వెరిఫికేషన్‌కి ఆ లెటర్ కావాలంటున్నారు. ఎవరికైనా ఇలా అయిందా?

చీరల కౌంటర్:
మాకు లెటర్లూ గిటర్లూ ఉండవు తమ్ముడూ. మానేస్తే ఆ నెల జీతం మీద ఆశ వదులుకోవడమే. అమీర్‌పేట వైపు పెద్ద బట్టల షాపు మాది. పొద్దున షట్టర్ లేచింది మొదలు రాత్రి దించేదాకా నిలబడే ఉండాలి. కస్టమర్లు లేరని కౌంటర్‌కి కాస్త ఆనుకున్నా, సేఠ్ సీసీ కెమెరాలో చూసి ఫ్లోర్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేస్తాడు. గోడౌన్‌లో సరుకు సర్దే పని పడితే ఆడవాళ్లమంతా నేనంటే నేనని వెళ్తాం. అక్కడ కెమెరా లేదు, చీరల మూటల మీద కాసేపు కూర్చోవచ్చు. కస్టమర్ ఒంటి మీద వేసుకుని చూసిన చీరకి లిప్‌స్టిక్ అంటితే ఆ డబ్బులు మా జీతంలోంచే కోస్తారు. కస్టమర్‌ని మాత్రం ఒక్క మాట అనకూడదు.

పాత యూనియన్:
అమ్మా, కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కుని చట్టంలోనే పెట్టారు. అక్కడ షాపులేమీ మూతపడలేదు. ఇంకో సంగతి. 2025 జూలైలో మన ప్రభుత్వం రోజుకు 10 గంటల పనికి అనుమతి ఇచ్చింది కదా, దాన్ని చూపించి కొందరు షాపువాళ్లు కూడా గంటలు పెంచుతున్నారు. అది షాపులకు వర్తించదు. మీకు రోజుకు 8 గంటలు, వారానికి 48. ఆపైన చేయించుకుంటే రెట్టింపు ఇవ్వాలి.

నైట్‌షిఫ్ట్ బాబూ, 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, వాళ్లే తీసేసినా, రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. ఈ మాట మెయిల్‌లో రాసి పంపు. ఫోన్‌లో అడక్కు, రేపు వాళ్లు "మేమలా అనలేదు" అంటే నీ దగ్గర ఏమీ ఉండదు. లెటర్ సంగతి జీతమంత సూటిగా తేలదు. ఈలోపు పే స్లిప్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్, పీఎఫ్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ కొత్తవాళ్లకి చూపించు. చాలామంది ఒప్పుకుంటారు.

లెక్కల పంతులు:
మా లెక్చరర్లది ఇంకో రకం. చేరేటప్పుడే డిగ్రీ, పీజీ ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెడతారు. ఏప్రిల్, మే నెలల్లో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పుతారు. టార్గెట్ తక్కువైతే వేసవి జీతం సగమే. కరోనా టైమ్‌లో, 2021లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకి నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తే లైన్లో నిలబడి తెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ టైమ్‌లో మా యాజమాన్యం ఫోన్ కూడా ఎత్తలేదు, ఆన్‌లైన్ క్లాసులు మాత్రం చెప్పించుకుంది.

నైట్‌షిఫ్ట్:
సార్, మరి ఒరిజినల్స్ ఎలా తెచ్చుకున్నారు?

లెక్కల పంతులు:
మా స్టాఫ్‌రూమ్‌లో అందరిదీ ఒకటే మంత్రం: "గ్రూప్స్ సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఉంది సార్". సర్కారీ నౌకరీ అంటే ప్రిన్సిపాల్ కూడా కాదనలేడు. తీసుకున్నాక ఎవరూ తిరిగివ్వరనుకోండి.

జీడిమెట్ల ఫిట్టర్:
నాది కాంట్రాక్ట్ పని. స్లిప్‌లో ప్రతి నెలా పీఎఫ్ 12 శాతం కట్ అవుతుంది, పాస్‌బుక్ తెరిస్తే ఖాళీ. కాంట్రాక్టర్‌ని అడిగితే కంపెనీ బిల్లు రాలేదంటాడు, కంపెనీని అడిగితే నువ్వు మా మనిషివి కాదంటుంది. పోయినేడు మా షెడ్‌లో ఒకతని వేళ్లు ప్రెస్‌లో పడ్డాయి. సూపర్‌వైజర్ అతని చేతికి గుడ్డ చుట్టి, దారి పొడవునా ఒకటే చెప్పాడు: "బండి మీంచి పడ్డానని చెప్పు, ఖర్చులు మేం చూస్తాం". సనత్‌నగర్ ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఆసుపత్రికి కాకుండా ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లారు. మొదటి బిల్లు కట్టారు, అంతే. తర్వాత వాళ్ల ఇంట్లోవాళ్లు గేటు దగ్గరికొస్తే సెక్యూరిటీ లోపలికి రానివ్వలేదు.

పాత యూనియన్:
ఇది చదువుతుంటేనే రక్తం మరుగుతోంది. జీతం 21 వేల లోపుంటే ఈఎస్‌ఐ ఉండాల్సిందే. యజమాని చందా కట్టకపోయినా కార్మికుడి హక్కు పోదు, ఈఎస్‌ఐసీ ముందు ఇచ్చి తర్వాత అతని దగ్గర వసూలు చేసుకుంటుంది. "బండి మీంచి పడ్డాను" అని రాయించేది అందుకే. పీఎఫ్‌కి బర్కత్‌పురా ఆఫీసు ఉంది, ఆన్‌లైన్‌లో కంప్లయింట్ కూడా పెట్టొచ్చు. కాంట్రాక్టర్ ఎగ్గొడితే కంపెనీయే కట్టాలి.

చిన్న ప్రెస్సు ఓనర్:
అందరూ మమ్మల్నే తిడుతున్నారు. చిక్కడపల్లిలో నాది ప్రింటింగ్ ప్రెస్. దసరాకి అడ్వాన్స్ తీసుకుని ఊరెళ్లినవాడు ఫోన్ స్విచాఫ్ చేస్తాడు. పెళ్లికార్డుల సీజన్‌లో నేనెక్కడికి పోవాలి? నాలుగు రోజుల జీతం ఆపుకోకపోతే ఒక్కడూ తిరిగి రాడు.

జీడిమెట్ల ఫిట్టర్:
అన్నా, అడ్వాన్స్ తీసుకుంటే కాగితం మీద రాయించుకుని హిసాబ్‌లో కోసుకో, ఎవరూ కాదనరు. ఏమీ తీసుకోనివాడి నాలుగు రోజులు ఎందుకు ఆపడం?

చిన్న ప్రెస్సు ఓనర్:
నీ మాట కాదనను. కానీ నా స్థానంలో ఉండి చూడు.

క్యాబ్‌పూల్:
బాండ్ రాయించుకున్నవాళ్లకి చిన్న హెచ్చరిక. "కోర్టులో బాండ్ చెల్లదు" అని ఆఫీసుల్లో అందరూ ధీమాగా చెప్తారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఓ ప్రభుత్వ బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. అన్ని బాండ్లూ చెల్లుతాయని కాదు, చదివి సంతకం పెట్టండి.

నైట్‌షిఫ్ట్:
అప్‌డేట్. పెద్దాయన చెప్పినట్టే మెయిల్ పెట్టాను, మేనేజర్ పై అధికారికి కూడా. సాయంత్రానికే హెచ్‌ఆర్ ఫోన్: "ఇంత దూరం తీసుకెళ్లాలా?" అని. జీతం పడింది. లెటర్ ఇంకా రాలేదు.

చీరల కౌంటర్:
పెద్దాయనా, మా గంటల గురించి పేరు చెప్పకుండా కంప్లయింట్ ఇవ్వొచ్చా?

పాత యూనియన్:
ఇవ్వొచ్చమ్మా, కానీ పేరు లేని కాగితం ఫైల్లోనే ఉండిపోతుంది. ఒక్కరు వెళ్తే మర్నాడే తీసేస్తారు. పదిమంది సంతకాలతో వెళ్లండి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర కార్మిక శాఖ ఆఫీసుకి నేను తోడొస్తాను.

చీరల కౌంటర్:
గోడౌన్‌లో అందరినీ అడిగి చూస్తాను. ఆషాఢం సేల్ అయ్యేదాకా మాత్రం ఎవరికీ సెలవివ్వరు.