‘పెంజీకటి కవ్వల’ తర్వాత ఏకాకృతియా, ఏకాకృతినా?

తుంగభద్ర తీరం:
గజేంద్ర మోక్షంలోని ‘లోకంబులు లోకేశులు’ పద్యం చివరి పాదం మూడు రోజులుగా నన్ను వదలడం లేదు. మా నాన్నగారు ‘ఏకాకృతిన్ వెలుఁగు’ అని చదివేవారని నా చెవిలో ఉంది. ఇంట్లో ఉన్న పుస్తకంలో ‘పెంజీకటి కవ్వల నెవ్వం డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్’ అని ఉంది. ఏది సరి?

అవసరం ఎందుకొచ్చిందంటే, అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఉన్న మాల్మ్‌స్ట్రామ్ వైమానిక స్థావరం గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. 1967 మార్చి 16 ఉదయం అక్కడి ఎకో ఫ్లైట్ అనే క్షిపణి విభాగంలోని పది మినిట్‌మన్ అణు క్షిపణులూ కొద్ది సెకన్లలో ఒకదాని వెంట ఒకటి ప్రయోగానికి పనికిరాకుండా పోయాయి. వాటిని నడిపే ఇద్దరు అధికారులు భూమి కింద, కిటికీ లేని గదిలో ఉన్నారు. పైన కాపలావాళ్లు ఏదో ఎగిరే వస్తువును చూశారన్నది వాళ్లకు వచ్చిన కబురు మాత్రమే. చీకట్లో కూర్చుని అవతలి వెలుగు గురించి వినడం! ఈ పద్యం తప్ప వ్యాసానికి మొదట పెట్టడానికి ఇంకేదీ తోచలేదు.

అరసున్న:
‘ఏకాకృతిన్’ పొసగదండీ. కందం రెండో భాగంలో గణాలు లెక్కపెట్టండి. మూడో పాదంలో మూడు, నాలుగో పాదంలో ‘డేకా’ నాలుగోది, ‘కృతివెలు’ అయిదోది. అక్కడ ‘న్’ పెడితే ‘కృతిన్వె’ అవుతుంది, అంటే జగణం. బేసి గణంగా జగణం రాకూడదని మీకు చెప్పాల్సిన పని లేదు. పోతన అక్కడ తప్పడు.

గోదారి గట్టు:
అరసున్న గారి లెక్క సరే. అసలు చూడాల్సిన అక్షరం అది కాదు, ‘నతని నే’లోని ‘నే’. అందరూ దాన్ని ‘నేను’కు కురచ రూపం అనుకుంటారు. అది ‘అతనిన్ + ఏ’, ఆ ‘ఏ’కే నేను అని అర్థం. ‘ఎవ్వండు + ఏకాకృతి’లోని ఏకారానికి ఈ ఏకారంతోనే యతి. మా గురువుగారు ఈ ఒక్క అక్షరం మీద ఒక సాయంత్రమంతా చెప్పారు.

పాలకుర్తి పిల్లోడు:
‘పెను + చీకటి’ పెంజీకటి కావడంలో ఉన్న అందం గురించి ఎవరూ మాట్లాడరేంటి? మా బమ్మెర వైపు ముసలివాళ్లు ఈ పద్యం చదివేటప్పుడు ఆ ‘జీ’ దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. చీకటి అక్కడే మొదలవుతుంది.

అరసున్న:
పద్యం అద్భుతం, కాదనను. కానీ తుంగభద్ర గారూ, ఇది పరబ్రహ్మను గురించిన పద్యం. దీన్ని ఎగిరే పళ్ళాలకు తగిలించడం నాకు రుచించలేదు. ఆ ‘పళ్ళెం’ కూడా పొరపాటు మాటే. 1947లో కెనెత్ ఆర్నాల్డ్ అనే అమెరికన్ పైలట్ తాను ఆకాశంలో చూసిన వస్తువుల కదలికను నీటి మీద విసిరిన సాసర్‌తో పోల్చాడు. చెరువులో పెంకు విసిరితే కప్పగంతులు వేస్తూ పోతుందే, అలాగ. పత్రికలవాళ్లు నడకను వదిలేసి ఆకారాన్ని పట్టుకున్నారు. మనం ఆ సాసర్‌ను పళ్ళెం చేసుకున్నాం.

తుంగభద్ర తీరం:
మీ మాట ఆలోచించాల్సిందే. నేను పళ్ళెం అనలేదు, యూఎఫ్‌ఓకు ‘గుర్తించలేని ఎగిరే వస్తువు’ అని రాశాను.

గోదారి గట్టు:
‘గుర్తించలేని’ అంటే ఇక ఎవరి తరమూ కాదని తీర్పు చెప్పేసినట్టే. మన పేపర్లలో ‘గుర్తు తెలియని వాహనం ఢీకొని’ అని రోజూ రాస్తారు. ఆ వాహనం లోకాంతరం నుంచి వచ్చిందని ఎవరూ అనుకోరు, నంబరు ఇంకా దొరకలేదనుకుంటారు. ‘గుర్తు తెలియని’ అనండి. ఆ ‘లేని’ ఒక్కటీ తీసేస్తే వ్యాసం నిజాయితీగా ఉంటుంది.

రేడియో మెకానిక్:
మాల్మ్‌స్ట్రామ్ కాగితాల్లోనూ ఇదే పేచీ. పది క్షిపణులు పోవడానికి పైకి కనిపించే కారణమేదీ ‘ఇప్పటికిప్పుడు’ గుర్తించలేకపోవడం తీవ్రంగా ఆందోళనపడాల్సిన విషయమని పై కార్యాలయం సందేశం పంపింది. చాలామంది ఆ ‘ఇప్పటికిప్పుడు’ను మింగేసి, కారణమే లేదన్నట్టు చెబుతారు. తర్వాత బోయింగ్ ఇంజనీర్లు లాజిక్ కప్లర్ అనే భాగంలోకి చిన్న విద్యుత్ పల్స్ పంపి, అలాంటి లోపాన్ని ల్యాబ్‌లో రప్పించగలిగారు. స్థావరం సొంత చరిత్రలో, ఎకో ఫ్లైట్ చుట్టుపక్కల యూఎఫ్‌ఓలు కనిపించాయన్న పుకార్లు నిజం కాదని తేలిందని రాసుకున్నారు.

పాలకుర్తి పిల్లోడు:
మరి రాబర్ట్ సలాస్ సంగతి? ఆయన కూడా అక్కడ క్షిపణి అధికారే. గేటు మీద ఎర్రగా మెరుస్తున్న వస్తువు ఉందని పై నుంచి కాపలాదారు ఫోన్ చేశాడని ఏళ్ల తరబడి చెబుతున్నాడు.

రేడియో మెకానిక్:
ఆయన చెప్పేది ఎకో కాదు, ఆస్కార్ ఫ్లైట్ గురించి, మార్చి 24 నాటిది. రెండూ కలిపేసి రాయడం వల్లే సగం గందరగోళం. ఆయన మాటను కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన విన్నానంటున్నది కాపలాదారు మాట. దాన్ని ‘చూశాడట’ అని రాయాలి, ‘చూశాడు’ అని కాదు. తెలుగులో ఆ ‘ట’ ఉండగా మనకు భయమేంటి?

గోదారి గట్టు:
బాగా చెప్పారు. ఇంగ్లండ్‌లో రెండిల్‌షామ్ అడవిలో వింత వెలుగులు కనిపించాయన్న సంఘటన మీద 1981 జనవరి 13న అమెరికా వైమానిక దళ అధికారి చార్ల్స్ హాల్ట్ రాసిన మెమో శీర్షికనూ ‘వివరించరాని వెలుగులు’ అని అనువదించేస్తారు. అందులో ‘రాని’ ఎక్కడుంది? ‘వివరణ దొరకని వెలుగులు’ చాలు. ఓర్‌ఫర్డ్‌నెస్ లైట్‌హౌస్ వెలుగే అన్న వాదన ఇప్పటికీ ఉంది కదా.

అరసున్న:
‘వెలుగు’లో అరసున్న మింగేశారు. ‘వెలుఁగు’.

తుంగభద్ర తీరం:
‘గుర్తు తెలియని’ అని మార్చాను. ‘ట’ కూడా పెడుతున్నాను. పద్యం మొదట పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు, అరసున్న గారి మాట ముల్లులా ఉంది. ఛందస్సు లెక్క ఒప్పుకున్నాను. కానీ మా నాన్నగారు ‘కృతిన్’ అనడం నేను విన్నాను. రాగం తీసేటప్పుడు గొంతు అక్కడ ఆగి ‘న్’లా వినిపించిందేమో. అడుగుదామంటే ఆయన లేరు. పాత వావిళ్ల ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పాదం ఒక్కసారి చూసి చెప్పగలరా?

పాలకుర్తి పిల్లోడు:
మా పెదనాన్న పెట్టెలో ఉండాలి. ఆదివారం ఊరు వెళ్తున్నా, చూసి చెప్తాను. అన్నట్టు, రెండో పాదంలో ‘తుది నలోకం’ దగ్గర అందరూ ఎలా విడదీస్తున్నారు?